నానో అంటే సరిపోదు... కొలిచి చూపించాలి!

రాజమహేంద్రవరంలో ఏ మెడికల్ షాపు ముందు ఓ పావుగంట నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: 'మోకాళ్ల నొప్పికి రెండు బిళ్లలివ్వండి'. ఆ రెండింటితో పాటు అడక్కుండానే రెండు గ్యాస్ మాత్రలూ కవర్లో పడతాయి. ఊడ్పుల్లో వంగి వంగి నడుం పట్టేసిన కూలీ అయినా, రిటైరైన మాస్టారైనా అదే సరంజామా. నొప్పికి ఒక మాత్ర, ఆ మాత్ర కడుపులో పెట్టే మంటకి ఇంకో మాత్ర. ఇది ఎంతగా అలవాటైపోయిందంటే, మందుకి మందు వేసుకోవడం ఎవరికీ వింతగా అనిపించడం లేదు.

ఎందుకిలా? ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా, వాపు వచ్చినా అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. ఆ నొప్పిలో, ఎరుపులో, వేడిలో వాటి పాత్ర పెద్దది. ఆస్ప్రిన్ లాంటి మందులు ఆ తయారీని అడ్డుకుంటాయని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చాడు. 1982లో వైద్యంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. చిక్కల్లా ఏమిటంటే, అవే ప్రోస్టాగ్లాండిన్లు జీర్ణాశయం గోడకు జిగురు పూత పూసి ఆమ్లం నుంచి కాపాడతాయి. మూత్రపిండాలకు రక్తం సరిగ్గా అందేలా చూస్తాయి. మింగిన బిళ్లకు ఇది మోకాలు, ఇది కడుపు అన్న తేడా తెలీదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, పైరాక్సికామ్... అన్నిటిదీ కాస్త అటూ ఇటూగా ఇదే వరస.

ఈ మందుల్లో చాలావాటికి ఇంకో అవలక్షణం కూడా ఉంది. నీళ్లలో సరిగ్గా కరగవు. కరగని మందు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లాలంటే కష్టం. అది ఎలా ఉంటుందో వంటింట్లోనే చూడొచ్చు. గ్లాసుడు నీళ్లలో చిటికెడు పసుపు వేసి కలిపి అరగంట ఆగండి, పొడి అడుగుకి చేరిపోతుంది. అదే పసుపు వేడి నూనెలో పడితే నూనెకంతా రంగు పట్టేస్తుంది. పసుపులోని కర్క్యుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉందని ఎన్ని పరిశోధనలు చెబుతున్నా, అది మందుగా నిలబడకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. మింగినదాంట్లో ఒంటికి అందేది బహు స్వల్పం.

నీళ్లలో కరగనిది కొవ్వులో కరుగుతుంది కదా, అయితే మందుని కొవ్వులోనే పెట్టి ఇస్తే? ఆ కొవ్వుని కంటికి కనపడనంత చిన్న బిందువులుగా చేస్తే? లిపిడ్ నానో కణాల వెనకున్న ఆలోచన ఇంతే. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. మందుల కోసం చేసే ఈ కొవ్వు కణాలు ఎక్కువగా 100 నుంచి 300 నానోమీటర్ల మధ్య ఉంటాయి.

ఇదేదో నిన్నా మొన్నా పుట్టిన మాట కాదు. 1960ల్లో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ కొవ్వు పొరలు నీళ్లలో తమంత తామే బుడగల్లా చుట్టుకోవడం చూశాడు. వాటినే లైపోజోములంటున్నారు. ఆత్రేయపురం పూతరేకుని ఊహించుకోండి. పొర మీద పొర, మధ్యలో సరుకు. ఆయన చూసిన మొదటి లైపోజోములు అచ్చం అలాంటివే. 1990ల మొదట్లో జర్మనీ, ఇటలీ పరిశోధకులు మరో దారి పట్టారు. పొరలొద్దు, మామూలు వేడికి గట్టిగా ఉండే కొవ్వునే చిన్న పూసలుగా చేద్దామన్నారు. అలా ఘన లిపిడ్ నానో కణాలు వచ్చాయి. ఆ దశాబ్దం చివరికి గట్టి కొవ్వులో కాస్త నూనె కలిపిన రెండో తరం కణాలూ వచ్చాయి.

తెలుగు కుటుంబాలకు ఈ జాతి మందుతో పెద్దఎత్తున పరిచయం 2021 వేసవిలో అయింది. కొవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ సోకినవాళ్ల కోసం ఊరూరా వెతికిన ఇంజెక్షన్ గుర్తుందా? లైపోజోమల్ యాంఫోటెరిసిన్-బి. మందు పాతదే. మామూలు రూపంలో ఇస్తే మూత్రపిండాలను బాగా దెబ్బతీస్తుంది. కొవ్వు పొరల్లో పెట్టి ఇస్తే ఆ నష్టం తగ్గుతుంది. దాని కోసం అంత వెతుకులాట అందుకే. ఫైజర్, మోడెర్నా కొవిడ్ టీకాల్లోని ఎంఆర్‌ఎన్‌ఏని మోసుకెళ్లిందీ కొవ్వు కణాలే. ఇక వాపు మందుల విషయానికొస్తే, జపాన్‌లో 1980ల చివర్నుంచే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ని కొవ్వులో కరిగే రూపానికి మార్చి, సుమారు 200 నానోమీటర్ల నూనె బిందువుల్లో పెట్టి రుమటాయిడ్ కీళ్లవాతానికి ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. కాబట్టి ఇది గాల్లో మేడ కాదు.

తయారీ వింటే వంట గుర్తొస్తుంది. గ్లిజరిల్ మోనోస్టియరేటు, స్టియరిక్ ఆమ్లం లాంటి గట్టి కొవ్వుని కరిగే వేడి కంటే ఐదు పది డిగ్రీలు ఎక్కువకు కాచి, మందుని అందులో కలుపుతారు. కొంచెం నూనె కావాలంటే ఎక్కువగా వాడేది కొబ్బరి, పామ్ గింజల నూనెల నుంచి తీసిన పల్చటి కొవ్వులు. కోనసీమ కొబ్బరికి ఫార్మసీ ప్రయోగశాలలో ఇలా ఓ చుట్టరికం ఉంది. ఇంకో పాత్రలో నీళ్లు, వాటిలో సోయా లెసిథిన్, పాలీసార్బేటు లాంటి కలుపుడు పదార్థం. అదీ అంతే వేడిగా ఉండాలి. రెండూ కలిపి వేగంగా చిలికి, ఆపైన ప్రోబ్ సోనికేటర్ అనే పరికరంతో శబ్ద తరంగాల దెబ్బలు వేస్తే బిందువులు పగిలి పగిలి నానో పరిమాణానికి వస్తాయి. చల్లారాక చూస్తే పలచటి పాలలా ఉంటుంది. ఇదంతా ఒక పూటలో అయిపోయే పని.

అసలు పని ఆ పాలు తయారయ్యాక మొదలవుతుంది. సీసాలో ఉన్నది నిజంగా నానో కణాలేనా? మందు కణం లోపలుందా, బయట తేలుతోందా? రేపటికి ఇలాగే ఉంటుందా? వీటికి అంకెల్లో జవాబు చెప్పడాన్నే క్యారెక్టరైజేషన్ అంటారు. రాజానగరం వైపు హైవే మీదున్న గైట్ ప్రాంగణంలోని ఫార్మసీ కళాశాల, భీమవరంలోని శ్రీ విష్ణు ఫార్మసీ కళాశాల, 1951లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం... ఇలాంటి చోట్ల ఫార్మస్యూటిక్స్ చదివే ఎంఫార్మసీ పిల్లల రోజులు చాలావరకు ఈ కొలతల్లోనే గడుస్తాయి. చేయడానికి ఒక పూట, కొలవడానికి నెలలు.

మొదటి కొలత సైజు. పొద్దున్నే కిటికీలోంచి ఎండ పడుతుంటే అందులో ధూళి రేణువులు ఆడటం చూసే ఉంటారు. నీళ్లలోని కణాలూ అలాగే కదులుతుంటాయి, కాకపోతే అక్కడ వాటిని తోసేది గాలి కాదు, నీటి అణువుల ఎడతెగని ఢీకొట్టుడు. చిన్న కణం చురుగ్గా, పెద్దది బద్ధకంగా కదులుతుంది. ఈ కదలికకీ సైజుకీ ఉన్న లెక్క 1905లో ఐన్‌స్టీన్ కట్టాడు. ఇప్పుడు ఆ సీసాలోకి లేజర్ కిరణం పంపి, చెదిరి వచ్చే కాంతి ఎంత త్వరగా మిణుకుతోందో చూసి సైజు చెబుతారు. (కాంతి చెదరడం మీద తెలుగువారికి పాత పట్టే ఉంది. సి.వి.రామన్ శిష్యుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన సూరి భగవంతం ఆ విషయం మీద 1940లోనే ఇంగ్లిషులో గ్రంథం రాశారు.)

ఈ పరికరం ఇచ్చే అంకెలో ఓ మెలిక ఉంది. ఇంత చిన్న కణాల్లో, పది రెట్లు పెద్దదైన కణం సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. నాలుగు పెద్ద ముద్దలుంటే చాలు, లక్షల చిన్న కణాలు వాటి వెలుగులో కనపడకుండా పోతాయి. అందుకే సైజుతో పాటు కణాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయా లేదా అని చెప్పే మరో అంకె చూస్తారు. సున్నాకి దగ్గరగా ఉంటే అన్నీ ఒకే సైజు. కొవ్వు కణాల్లో 0.3 లోపుంటే బాగున్నట్టే లెక్క. అది 0.6 ఉండి, సైజు 150 నానోమీటర్లని గర్వంగా రాస్తే ఆ 150కి అర్థం లేదు. బరువుల సగటు చెప్పి, బస్సులో ఏనుగు కూడా ఉందన్న సంగతి దాచినట్టు!

తర్వాతిది కణం మీదుండే విద్యుదావేశం. ఒకే రకం ఆవేశం ఉన్న కణాలు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి కాబట్టి ముద్ద కట్టవు. 30 మిల్లీవోల్టులు దాటితే, అది ప్లస్సైనా మైనస్సైనా, కణాలు విడివిడిగా నిలుస్తాయని ఒక మోటు లెక్క. పైన దట్టమైన పూత ఉంటే అంతకంటే తక్కువైనా ఫరవాలేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా గొప్ప చెప్పుకునే అంకె, అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసే అంకె కూడా ఒకటే: వేసిన మందులో ఎంత శాతం కణం లోపల చిక్కింది? దీన్ని కనిపెట్టే పద్ధతి తేలికే. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను, నీళ్లను వేరు చేయాలి. నీళ్లలో మిగిలిన మందుని స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలవాలి. మొత్తంలోంచి అది తీసేస్తే లోపలున్నది తేలుతుంది. వంద మిల్లీగ్రాముల కొవ్వు, ఐదు మిల్లీగ్రాముల మందు వేశారనుకుందాం. నీళ్లలో అర మిల్లీగ్రాము దొరికింది. అంటే నాలుగున్నర లోపలుంది, 90 శాతం! చప్పట్లు.

కాస్త ఆగాలి. ఆ మందు నీళ్లలో కరగదనే కదా ఈ తతంగమంతా మొదలైంది? కణంలో ఇమడని మందు నీళ్లలో కరిగి కనిపించాలని ఎక్కడుంది? గ్లాసు అడుగున పసుపు పేరుకున్నట్టు అది పలుకులుగా మారి, సెంట్రిఫ్యూజ్ తిప్పేసరికి కణాలతో పాటే అడుగుకి చేరుతుంది. పైన నీళ్లు శుభ్రంగా ఉన్నాయని చూసి అంతా లోపలే ఉందనుకుంటే, ఆ 90 శాతంలో ఎంత నిజమో ఎవరికీ తెలీదు. జాగ్రత్తగా పనిచేసేవాళ్లు ముందుగా మైక్రోస్కోప్ కింద పలుకులున్నాయేమో చూస్తారు. కణాలను పగలగొట్టి లోపలి మందుని నేరుగా కూడా కొలుస్తారు. రెండు లెక్కలూ కలిస్తేనే నమ్ముతారు.

90 శాతం నిజమే అనుకున్నా ఇంకో లెక్క మిగిలే ఉంది. పైన చెప్పిన కణం బరువులో మందు వాటా ఎంత? నాలుగున్నర బై నూటనాలుగున్నర, అంటే 4.3 శాతం. మిగిలినదంతా కొవ్వు. 50 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ బిళ్ల ఒక్కదానికి సాటి రావాలంటే ఈ కణాలు 1,160 మిల్లీగ్రాములు కావాలి. నీళ్లలో ఐదు శాతం కణాలుండే పాలైతే ఒక్క మోతాదుకి 23 మిల్లీలీటర్లు తాగాలి. అదీ రోజుకి రెండు మూడుసార్లు. చిన్న బిళ్ల చేసే పనికి ఇంత సరంజామా ఎవరు మోస్తారు? నొప్పి మందులతో నానో ప్రయోగాలు ఇన్ని జరిగినా, మింగే రూపంలో షాపుల దాకా వచ్చినవి అరుదుగా ఉండటానికి ఈ కూడికలు తీసివేతలు కూడా కారణమే. పైగా మింగితే కడుపుకి పూర్తి రక్షణ దొరుకుతుందన్న హామీ కూడా లేదు. ఈ మందులు కడుపుని తగిలి మాత్రమే దెబ్బతీయవు, రక్తంలో కలిశాక అక్కడి ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించి కూడా దెబ్బతీస్తాయి. కొవ్వులో చుట్టినంత మాత్రాన రెండోది ఆగదు.

అందుకే ఎక్కువమంది చూపు చర్మం మీద పూసే జెల్ వైపు మళ్లింది. మోకాలి మీదే పూస్తే రక్తంలోకి వెళ్లేది తక్కువ, కడుపుకి బాధ తక్కువ. కొవ్వు కణాలు చర్మం మీద సన్నటి పొరలా పరుచుకుని తేమ ఆరిపోకుండా ఆపుతాయి. తేమ పట్టిన చర్మంలోకి మందు బాగా దిగుతుంది. కణం కణంగా చర్మాన్ని చీల్చుకుని కీలు దాకా వెళ్తుందని ప్రకటనల్లో వేసే బొమ్మలు మాత్రం నమ్మక్కర్లేదు. ఈ సైజు కణాలు చాలావరకు చర్మం పైపొరల్లోనే ఆగిపోతాయి. లోపలికి వెళ్లేది మందే.

మోతాదు తక్కువగా ఉండే మందులకు మింగడానికైనా, ఇంజెక్షన్‌కైనా ఈ కణాలు ఎక్కువ నప్పుతాయి. వాటిలో ఒకదాని కథ రాజమండ్రి దగ్గరికే తిరిగొస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కొంతకాలం రాజమండ్రిలోనే చదువుకున్నారు. ఆ ఏళ్లలోనే ఇంట్లో వరస చావులు. చదువు సాగక, చివరికి మద్రాసు వెళ్లి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తర్వాత అమెరికా చేరి, లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసిన బృందాన్ని నడిపించారు. ఆ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ని ఆ సంస్థ నుంచే అందుకుని సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి చూశాడు. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే కుదురు నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కే పరిమితం కాలేదు. అతి తక్కువ మోతాదులో ఇస్తే రుమటాయిడ్ కీళ్లవాతాన్ని అదుపు చేస్తుందని తేలి, 1988లో అమెరికా ఔషధ సంస్థ దానికీ అనుమతిచ్చింది. ప్రపంచమంతటా కీళ్లవాతానికి డాక్టర్లు మొట్టమొదట రాసే మందుల్లో ఇప్పటికీ అది ముందువరసలో ఉంది.

దాని మోతాదు సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. అదీ వారానికి ఒక్కసారే. (ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ వారమో చీటీ మీద రాసి డబ్బాకి అంటించడం మంచి పద్ధతి.) మన పాత లెక్క ప్రకారం 7.5 మిల్లీగ్రాములకు 175 మిల్లీగ్రాముల కణాలు చాలు. అది ఒక క్యాప్సూల్‌లో పట్టేస్తుంది. ఇక్కడా ఓ ముల్లుంది. మెథోట్రెక్సేట్ నీళ్లలోనూ సరిగ్గా కరగదు, కొవ్వులోనూ ఇష్టంగా ఇమడదు. 4.3 శాతం రావడమే గగనం. దాన్ని కొవ్వుకు మచ్చిక చేయడానికి, చర్మం మీద సోరియాసిస్‌కు, కీళ్ల వాపుకి పూతగా మార్చడానికి పరిశోధనలు చాలాచోట్ల సాగుతున్నాయి. రోగి చేతికి మాత్రం ఇంకా పాత మాత్ర, పాత ఇంజెక్షనే.

తెలుగు నేల మీద ఈ కొలతలన్నీ పద్ధతిగా చేసి ప్రపంచం చేత చదివించిన పని ఒకటి వరంగల్‌లో జరిగింది. కాకతీయ విశ్వవిద్యాలయం ఫార్మసీ పరిశోధకులు క్లోజపైన్ అనే మానసిక వ్యాధి మందుని ఘన కొవ్వు కణాల్లో పెట్టారు. 2004లో అచ్చయిన వాళ్ల పరిశోధనలో కణాల సైజు రమారమి వంద నుంచి నూట అరవై నానోమీటర్లు, లోపల చిక్కిన మందు 90 శాతానికి పైన. అక్కడితో ఆగితే అది ఇంకో కాగితం అయ్యేది. మరుసటి ఏడాది ఎలుకలకు పేగుల్లోకి ఇచ్చి రక్తంలో మందుని కొలిచారు. మామూలు మందుతో పోలిస్తే రెండున్నర నుంచి నాలుగున్నర రెట్లు ఎక్కువ అందింది. సీసాలోని అంకెకి, ఒంట్లోని అంకెకి ముడి వేయడమే అక్కడ గొప్ప. అదే విశ్వవిద్యాలయంలో తర్వాత డైక్లోఫెనాక్‌ని కూడా ఇంజెక్షన్‌కు పనికొచ్చే సన్నటి నూనె బిందువుల్లో పెట్టి చూశారు.

కణం లోపలికి వెళ్లిన మందు బయటికి ఎలా వస్తుందన్నది మరో పరీక్ష. సన్నటి రంధ్రాలున్న డయాలిసిస్ సంచిలో కొంచెం పోసి మూతి కట్టి, 37 డిగ్రీల వేడి ద్రావణంలో వేలాడదీస్తారు. గంట గంటకీ బయటి ద్రావణం తీసి మందు కొలుస్తారు. జెల్ అయితే చర్మపు వేడి 32 డిగ్రీలు కాబట్టి ఆ వేడిలో, ఒక గాజు గిన్నె మీద పొర బిగించి చూస్తారు. '24 గంటల పాటు నెమ్మదిగా విడుదల' అన్న గీత కాగితం మీద అందంగా వస్తుంది. కానీ ఆ నెమ్మదితనం కణానిదా, సంచిదా? కణాలేమీ లేని మామూలు మందు ద్రావణాన్నీ అదే సంచిలో పోసి పక్కనే వేలాడదీస్తే గానీ చెప్పలేం. ఇంత చిన్న జాగ్రత్తని కూడా వదిలేసిన నివేదికలు కనిపిస్తూనే ఉంటాయి.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష కాలం పెట్టేది. నెయ్యి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కాచిన నెయ్యిని త్వరగా చల్లారిస్తే నున్నగా పేరుకుంటుంది. నిదానంగా చల్లారితే పూస కడుతుంది. కొవ్వు అణువులు తీరిగ్గా సర్దుకుని వరసలు కట్టడమే ఆ పూస. నానో కణంలోని కొవ్వు కూడా అంతే. చేసిన రోజున అణువులు గజిబిజిగా ఉంటాయి, ఆ సందుల్లో మందు కూర్చుంటుంది. వారాలు గడిచేకొద్దీ అవి వరసలు సర్దుకుంటాయి. సందులు మూసుకుపోయి మందు బయటికి నెట్టుకొచ్చేస్తుంది. రెండో తరం కణాల్లో నూనె కలిపింది ఈ వరసలను చెడగొట్టడానికే. ఎంతవరకు చెడిందో చూడటానికి నమూనాని కొద్దికొద్దిగా వేడి చేస్తూ ఏ డిగ్రీ దగ్గర ఎంత వేడి పీల్చుకుంటోందో గీత గీస్తారు. పలుకులుగా ఉన్న మందు తన కరిగే వేడి దగ్గర గీతలో శిఖరంలా కనిపించాలి. కనపడకపోతే మందు కొవ్వులో కలిసిపోయిందని రాస్తారు. ఇబుప్రొఫెన్ కరిగేది 76 డిగ్రీల దగ్గర. స్టియరిక్ ఆమ్లం 69 దగ్గరే కరిగిపోతుంది. అంటే పరీక్ష జరుగుతుండగానే, 76 రాకముందే, పలుకులు కరిగిన కొవ్వులో మునిగి మాయమయ్యే వీలుంది. శిఖరం లేదు కాబట్టి పలుకులు లేవనడం అప్పుడు తప్పు. అందుకే వేడి చేయకుండా ఎక్స్ కిరణాలతో ఇంకోసారి చూడాలి.

ఈ విషయంలో మన దేశంలో రాతపూర్వకంగా ఒక దారి ఏర్పడింది 2019 అక్టోబరులో. నానో మందులను ఎలా అంచనా వేయాలో చెబుతూ కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, ఐసీఎంఆర్, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ కలిసి మార్గదర్శకాలు తెచ్చాయి. సైజు, ఆవేశం, మందు వాటా, విడుదల, నిలవ... పైన చెప్పినవన్నీ చూపించాలి. మందు పాతదే అయినా నానో రూపంలో ఒంట్లో దాని నడక మారుతుంది కాబట్టి భద్రతని విడిగా చూడాలి. 'నానో' అన్న మాట మాత్రం మందుల కంటే ముందే అందం క్రీములకూ, నొప్పి పూతలకూ ఎక్కేసింది. డబ్బా మీద అక్షరాలు పెద్దవే. లోపలి కణం ఎంత, ఎన్ని నెలలు అలా ఉంటుంది అన్న వివరం చాలా డబ్బాల మీద దొరకదు. అలాంటి పూత ఒకటి మామూలు డైక్లోఫెనాక్ జెల్ కంటే మూడింతల ధర పలుకుతుంటే, ఆ తేడా దేనికని డాక్టర్నో ఫార్మసిస్టునో అడగడంలో మొహమాటపడాల్సిందేమీ లేదు.

నిలవ పరీక్షలో వేగవంతమైన రకానికి అంతర్జాతీయంగా పెట్టుకున్న లెక్క 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ, ఆరు నెలలు. ఐరోపాలో అది కేవలం పరీక్ష పెట్టెలో సృష్టించిన వాతావరణం. గోదావరి ఒడ్డున రోహిణి కార్తెలో ఆ 40 డిగ్రీలు పెట్టె బయటే ఉంటాయి. రేకుల షెడ్డులోని దుకాణంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, అంతకు మించి కూడా. 55, 60 డిగ్రీల దగ్గర కరిగే కొవ్వుకి అది ప్రమాదపు అంచు కాకపోవచ్చు గానీ, అణువులు వరసలు సర్దుకోవడానికి మాత్రం బ్రహ్మాండమైన వేడి. అందుకని విద్యార్థులు ఒకే రోజు చేసిన పాలని మూడు వాటాలు వేస్తారు. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గది వేడిలో, ఒకటి ఆ 40 డిగ్రీల పెట్టెలో. నెలకో, మూడు నెలలకో సీసాలు బయటికి తీసి సైజు, ఆవేశం, మందు శాతం అన్నీ మళ్లీ కొలుస్తారు. ఫ్రిజ్‌లోది చాలాసార్లు చెక్కుచెదరదు. పెట్టెలోది ఒక్కోసారి మూడో నెలకే అడుగున తెల్లగా పేరుకుంటుంది, 150 ఉన్న సైజు 600 అవుతుంది. అప్పుడు కొవ్వు మార్చి, నూనె పాలు పెంచి, మళ్లీ మొదటి పూట దగ్గర్నుంచి మొదలుపెడతారు.